చెడిన హార్డుడిస్కునుండి వ్రాతలను మరల రాబట్టుట

కరీంనగరము జిల్లా గంగాధర మండలమునందు కురిక్యాల యను గ్రామమునొద్ద బొమ్మలగుట్ట యను కొండ యున్నది. దాని రాతిమీద పదియవ శతాబ్దమున జినవల్లభుడు చెక్కించిన శాసనము నేటికిని నిలిచియున్నది. అందు సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందపద్యములును గలవు. వేయి సంవత్సరములకు పైగా ఎండకు ఎండి వానకు తడిసియు ఆ యక్షరములు చెడలేదు. మా యింటనున్న కంప్యూటరు హార్డుడిస్కు మాత్రము ఏడు సంవత్సరములైనను నిలువలేదు. రాతిమీద కొలది పంక్తులు మాత్రమే పట్టును. అరచేతిలో ఇమిడెడు డిస్కునందు ఒక పెద్ద గ్రంథాలయమే పట్టును. ఎక్కువ పట్టు వస్తువు తక్కువ కాలము నిలుచుట ఇందలి చిక్కు.

ఆ డిస్కులో మా తల్లిగారు పాడిన పదునొకండు బతుకమ్మ పాటలుండెను. 2016వ సంవత్సరమున లక్షెట్టిపేట దాపుననున్న మా గ్రామములో, వాకిట నులకమంచముమీద కూర్చుండి ఆమె పాడుచుండగా నేను ఫోనులో పట్టితిని. తరువాత ఆ ఫోను పోయినది. 2019లో తల్లిగారును పోయిరి. పాటలు డిస్కులో భద్రముగా నున్నవిగదా యని ధైర్యముగా నుంటిమి. 2023 వేసవిలో ఒకనాటి సాయంకాలము గాలిదుమారము లేచి విద్యుత్తు నాలుగైదు మారులు పోయి వచ్చినది. అప్పుడు డిస్కు పనిచేయుచుండెను. మరునాడు దానిని కంప్యూటరునకు తగిలింపగా పేర్లు కనబడుటకే పావుగంట పట్టెను; పాటను తెరువబోగా తెర నిశ్చేష్టమై నిలిచెను. మా అక్కగారు ఈ సంగతి విని ఫోనులో అడిగిన మాట యిది: "తమ్మీ, అమ్మ గొంతు మల్ల వినవడ్తదారా?"

విద్యార్థులారా! ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను చేసిన తప్పులను, నేర్చిన పనులను మీకు చెప్పుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాను. మీ యిండ్లలోను పెండ్లి చిత్రములు, పట్టాల నకళ్లు, పరీక్షల పత్రములు ఇట్టి పెట్టెలలోనే యున్నవి.

మొదట ఆ పెట్టెలో నేమున్నదో తెలిసికొనవలెను. హార్డుడిస్కులో అల్యూమినియముతోగాని గాజుతోగాని చేసిన నున్నని పళ్లెములుండును. వానిమీద మిక్కిలి పలుచని అయస్కాంతపు పూత యుండును. ఆ పూతయందలి సూక్ష్మభాగములను ఒక దిక్కునకో దానికి ఎదురు దిక్కునకో అయస్కాంతీకరించుటయే వ్రాయుట. ఆ దిక్కులను గుర్తించుటయే చదువుట. ఈ పని చేయు చిన్న యవయవమునకు హెడ్డు అని పేరు. అది యొక సన్నని చేతి చివరనుండి పళ్లెము మీదుగా అటునిటు కదలుచుండును. అది పళ్లెమును తాకదు. పళ్లెము తిరుగు వేగమునకు పుట్టిన గాలిపొరమీద తేలును. ఆ యెడము కొలది నానోమీటర్లు మాత్రమే, అనగా మన తలవెండ్రుక మందములో పదివేలవ వంతుకంటెను తక్కువ.

ఇచట నొక చిన్న లెక్క చేసి చూడుడు. మేజకంప్యూటర్లలోని డిస్కు పళ్లెము అడ్డుకొలత సుమారు 95 మిల్లీమీటర్లు. అది నిమిషమునకు 7,200 మారులు, అనగా సెకనునకు 120 మారులు తిరుగును. అంచు చుట్టుకొలత సుమారు 30 సెంటీమీటర్లు గనుక ఆ యంచు సెకనునకు 36 మీటర్ల చొప్పున, గంటకు 125 కిలోమీటర్లకు పైబడిన వేగముతో పరుగెత్తుచుండును. అంత వేగమున, అంత కొలది యెడముతో తేలుచున్న హెడ్డునకు ఒక ధూళికణము అడ్డుపడిన నేమగునో మీరే యూహింపవచ్చును. మూత తెరచి లోపల నేమున్నదో చూతమను కోరిక యెంత ప్రమాదకరమో దీనివలన తెలియును. ఇంటిగాలిలో మూత తెరచిన డిస్కు చాలవరకు అంతటితో చేయి దాటినట్లే.

ఇట్టి యంత్రమును మొదట 1956లో ఐ.బి.యం. సంస్థ వెలువరించినది. దాని పేరు రామాక్. 24 అంగుళముల పళ్లెములు 50 కలిసి యేబది లక్షల యక్షరములను మాత్రమే పట్టెడివి. బరువు ఒక టన్నునకు మించెడిది. నేడు చొక్కా జేబులో పట్టు డిస్కు దానికంటె రెండులక్షల రెట్లు పట్టుచున్నది. ఈ యభివృద్ధికి కారణమైన వానిలో నొకటి అయస్కాంతక్షేత్రమునుబట్టి విద్యున్నిరోధము మిక్కిలిగా మారు గుణము. దానిని వేరువేరుగా కనుగొనిన ఆల్బెర్టు ఫెర్టు, పీటర్ గ్రున్‌బెర్గు అను శాస్త్రజ్ఞులకు 2007లో భౌతికశాస్త్రమునందు నోబెలు బహుమానము లభించినది.

ఇక డిస్కు "చెడినది" అని మనము చెప్పు మాటలో వేరువేరు రోగము లిమిడియున్నవి. అన్నిటికిని ఒకే మందు వేయుట వలననే ఎక్కువ నష్టము కలుగుచున్నది.

కొన్నిమారులు యంత్రమునకు ఏ లోపమును లేకపోయినను లోపలి పట్టిక చెడును. గ్రంథాలయములో ఏ పుస్తకము ఏ బీరువాలో నున్నదో తెలుపు పట్టిక చిరిగిపోయిన, పుస్తకములు పోవు. అవి అరలలోనే యుండును, వెదకువానికి మాత్రము దొరకవు. ఫైలును చెరిపినప్పుడును సాధారణముగా జరుగునది పట్టికలో పేరు కొట్టివేయుటయే. ఆ చోట క్రొత్త వ్రాత పడనంతవరకు పాతది అచటనే యుండును. అందుచేతనే "చెరిగిపోయినది" అని తెలిసిన క్షణమునుండి ఆ డిస్కుమీద మరియేమియు వ్రాయరాదు. పోయినదానిని వెదకు ప్రోగ్రామునైనను ఆ డిస్కుమీదికి దింపరాదు. ఈ పొరపాటు నేను పలువురియందు చూచితిని.

మరికొన్నిమారులు విద్యుత్తు హెచ్చుతగ్గుల వలన డిస్కు అడుగుననున్న పలక కాలును. అప్పుడు డిస్కు తిరుగనే తిరుగదు. ఒక్కొక్కప్పుడు కమరు వాసన వచ్చును. అట్టిదే మరియొక డిస్కు పలకను తెచ్చి మార్చిన సరిపోవునని పాతకాలపు వారందురు. అది పూర్వము కొన్నిటికి నిజమే. ఇప్పటి డిస్కులలో ప్రతి పలకమీదను ఆ డిస్కునకు మాత్రమే చెందిన కొలతలు గల యొక చిప్పు ఉండును. దానిని కూడ ఊడదీసి క్రొత్త పలకకు అతికిననేగాని పని జరుగదు. సన్నని టంకపు పనిలో ఆరితేరిన చేతులకే అది తగును.

మూడవది యాంత్రికలోపము. డిస్కు "టక్, టక్" మని క్రమముగా కొట్టుకొనుచున్నను, గీచిన చప్పుడు వచ్చుచున్నను హెడ్డు చెడినదని తెలియవలెను. ఆ చప్పుడు విన్న వెంటనే తీగ తీసివేయుడు. తిరిగిన కొలదిని హెడ్డు పూతను గీచివేయును. గీచబడిన పూతలోని వ్రాతను లోకములో నెవ్వరును మరల తేలేరు. ఇది ధూళిలేని గదులు, తగిన పనిముట్లు గల పనివారికి అప్పగింపవలసినది. దానికి చాల ధనము పట్టును గనుక, ఆ డిస్కులోనిది అంత విలువ గలదా యని ఇంటివారు కూర్చుండి ఆలోచించుకొనవలెను. లేనిచో డిస్కును అట్లే దాచి యుంచవచ్చును. తిరుగని డిస్కు మరింత త్వరగా చెడదు.

శీతలపు పెట్టెలో నుంచిన చెడిన డిస్కు పనిచేయునను మాట యొకటి మనవైపునను వ్యాపించినది. మే నెలలో రామగుండము ఎండను తలచుకొనుడు. మంచువలె చల్లబడిన లోహమును అట్టి గాలిలోనికి తెచ్చిన దానిమీద నీటిబిందువులు పట్టును. ఆ నీటితో పళ్లెములను తిప్పుట వైద్యము గాదు.

నాలుగవ రోగమే ఇంట బాగుచేయ వీలైనది. మాకు వచ్చినదియు నదియే. డిస్కు తిరుగుచుండును, చప్పుడు మామూలుగనే యుండును, కాని పళ్లెముపై కొన్ని భాగములు చదువుటకు కష్టముగా నుండును. డిస్కులోని వ్రాత సెక్టారు లను చిన్న గదులుగా విభజింపబడి యుండును. ఒక్కొక్కటి 512 గాని 4,096 గాని బైట్లు. ఒక గది చదువరానప్పుడు డిస్కు దానినే పదేపదే ప్రయత్నించుచు కాలమును, తన బలమును వ్యర్థపరచుకొనును.

అప్పుడు నేను చేసిన మొదటి తప్పు వినుడు. "ఈ డిస్కునందు దోషములున్నవి, సరిచేయుదునా?" యని కంప్యూటరు అడుగగా సరే యంటిని. ఆ సరిచేయు ప్రోగ్రాము చదువరాని గదులను తాకునప్పుడు పట్టికనే తనకు తోచినట్లు మార్చివేయును. దానికి కావలసినది పట్టిక పొందికగా నుండుట. నాకు కావలసినది పాటలు. రెండును ఒకటి గావు. నలువది నిమిషములకు మేలుకొని ఆపితిని. అప్పటికే కొన్ని ఫైళ్లు పేరులేని ముక్కలుగా ఒక క్రొత్త సంచిలోనికి పోయినవి. రెండవ తప్పు, కంగారులో ఒక దుకాణమునకు తీసికొనిపోవుట. ఆ యువకుడు మర్యాదగలవాడే. "సార్, ఫార్మాటు కొట్టి ఇస్త, కొత్తదాని లెక్క పనిచేస్తది" అనెను. ఫార్మాటు అనగా ఉన్న పట్టికను తీసివేసి ఖాళీ పట్టికను పెట్టుట. డిస్కు బాగగును, పాటలు పోవును. నమస్కరించి డిస్కు తీసికొని వచ్చితిని.

ఇక సరియైన క్రమము. మొదట సులువైన వానిని పరీక్షింపవలెను: తీగ మార్చుట, వేరొక ద్వారమునకు తగిలించుట, వేరొక కంప్యూటరుతో చూచుట. చిన్న డిస్కులు యు.యస్.బి. ద్వారమునుండియే 5 వోల్టుల విద్యుత్తు గ్రహించును. ద్వారము బలహీనమైన అవి సరిగా తిరుగవు. పెద్దవానికి 12 వోల్టుల అడాప్టరు వేరుగా కావలెను. అది చెడినను డిస్కే చెడినదని భ్రమపడుదుము. నూరు రూపాయల తీగతో తీరిపోయిన కష్టములు లేకపోలేదు.

అది కాదని తేలినపుడు చేయవలసిన ముఖ్యకార్యము ఒక్కటే: చెడిన డిస్కును మొత్తముగా, గది వెంబడి గదిగా, అంతకు తక్కువ కాని క్రొత్త డిస్కునకు నకలు తీయుట. ఆపైన ఏ ప్రయోగము చేసినను నకలుమీదనే చేయవలెను. రోగి నొక్కసారి మాత్రమే కదల్పవలెనని వైద్యులు చెప్పుదురుగదా, ఇదియు నట్టిదే.

దీనికి ఆంటోనియో దియాజ్ దియాజ్ అను నాయన వ్రాసిన డిడిరెస్క్యూ యను ప్రోగ్రాము కలదు. అది లినక్సు వ్యవస్థలో ఉచితముగా దొరకును; లినక్సును పెన్‌డ్రైవులో పెట్టుకొని కంప్యూటరును దానినుండియే నడుపవచ్చును. ఈ ప్రోగ్రాము తెలివి యేమనగా, మొదటి తిరుగుడులో సులభముగా చదువబడు భాగముల నన్నిటిని ముందు తీసికొనును. మొండిగదులను దాటి పోవును. ఉన్నదంతయు చేతికి వచ్చిన పిమ్మట వెనుకకు వచ్చి మొండివానిని కొంచెము కొంచెముగా ప్రయత్నించును. ఎచట చదివినదో, ఎచట విడిచినదో మ్యాపు అను నొక చిన్న ఫైలులో వ్రాసికొనుచుండును. అందువలన విద్యుత్తు పోయినను, డిస్కు వేడెక్కి ఆపవలసి వచ్చినను, మరల ఆ చోటినుండియే మొదలిడవచ్చును. వరినాట్లలో దిగబడు మడిని చివరకు విడిచి, తక్కిన మళ్లను ముందు ముగించుకొను రైతు పద్ధతి యిదియే.

ఒక్క హెచ్చరిక. ఈ ప్రోగ్రామునకు "ఏ డిస్కునుండి, ఏ డిస్కునకు" అని మనమే చెప్పవలెను. రెండును తారుమారైనచో ఖాళీ డిస్కు నిండు డిస్కుమీదికి ఎక్కి సర్వము నాశనమగును. డిస్కు పరిమాణమును, దానిమీద ముద్రించిన సంఖ్యను కాగితముమీద వ్రాసికొని, ప్రక్కన నొకరిని నిలుపుకొని బిగ్గరగా చదివి సరిచూచుకొనుడు. నేను పదవతరగతి విద్యార్థి నొకనిని నిలుపుకొంటిని. అతడు నన్ను ఒకసారి ఆపినాడు కూడ.

కాలమెంత పట్టును? ఆరోగ్యముగల డిస్కు సెకనునకు 100 మెగాబైట్లు చదివిన, ఒక టెరాబైటునకు పదివేల సెకనులు, అనగా మూడు గంటలకు కొంచెము తక్కువ. మాది మూడు పగళ్లు, మూడు రాత్రులు తీసికొన్నది. డిస్కును తడిగుడ్డల దరికి పోనీక, బల్లపై పంఖా గాలికి నుంచితిని. ఇన్వర్టరు లేని యింట ఈ పని మొదలిడుట మంచిది గాదు. తుదకు చదువబడక మిగిలినది నలువది మెగాబైట్లకు లోపు. పది లక్షల మెగాబైట్లలో నలువది! కాని పాటలు ఎక్కడ పడినవో అదియే మాకు లెక్క.

నకలు చేతికి వచ్చిన పిమ్మట దానిమీద వెదకుట సులభము. క్రిస్టోఫ్ గ్రెనియే అను ఫ్రెంచి పండితుడు వ్రాసిన టెస్టుడిస్కు, ఫోటోరెక్ అను రెండు ఉచిత ప్రోగ్రాములున్నవి. మొదటిది చెడిన విభాగములను, పట్టికలను సరిచేయును. రెండవది పట్టికనే నమ్మదు; డిస్కునంతయు మొదటినుండి చదువుచు ఫైళ్ల ముఖలక్షణములను గుర్తించును. ఉదాహరణకు జేపెగ్ చిత్రములన్నియు 255, 216, 255 అను మూడు సంఖ్యలతోనే మొదలగును; ఆ మూడును కనబడిన చోట ఒక చిత్రము మొదలైనదని అది గ్రహించును. ఈ పద్ధతిలో పేర్లును తేదీలును పోవును. వేలకొలది పేరులేని చిత్రములను కుటుంబమంతయు కూర్చుండి గుర్తుపట్టవలసి వచ్చును. ఆ పని మాకు దసరావరకు పట్టినది. అందులో కొంత నవ్వును, కొంత కన్నీరును గలిగినవి.

ఎంత చెడిన డిస్కునుండి ఎంత రాబట్టవచ్చునో చూపు నుదాహరణ మొకటి లోకప్రసిద్ధము. 2003 ఫిబ్రవరి 1వ తేదీన కొలంబియా యను అంతరిక్షనౌక భూమికి దిగివచ్చుచు ఆకాశముననే ముక్కలైనది. మన దేశమున బుట్టిన కల్పనా చావ్లాతో కూడ ఏడుగురు మరణించిరి. నేలరాలిన శకలములలో జీనాన్ వాయువు జిగటను గూర్చిన ప్రయోగమునకు చెందిన హార్డుడిస్కు నొకటి దొరికెను. సుమారు 400 మెగాబైట్లు పట్టు ఆ డిస్కు పైభాగము కాలి కరిగియుండెను. మినియాపొలిస్ నగరమునందలి నిపుణులు పళ్లెములను శుభ్రపరచి మరియొక యంత్రములో నమర్చి 99 పాళ్లవరకు సమాచారమును తీసిరి. ఆ ప్రయోగఫలితములు 2008లో ప్రకటింపబడినవి. ఆ కంప్యూటరు డాస్ అను పాతవ్యవస్థతో నడచినదగుటచే వ్రాత యంతయు ఒకచోటనే వరుసగా నుండుట, పళ్లెములలో ఆ భాగము చెడకుండుట వారికి కలిసివచ్చినది. ఇంటిలో నెవ్వరును చేయగల పని గాదది. ఆశ వదలుటకు ముందు తెలిసికొనదగినది మాత్రమే.

మన జిల్లాలకు నీటి భయమును గలదు. 2022 జూలైలో కడెము ప్రాజెక్టునకు భయంకరమైన వరద వచ్చుట, గోదావరి పొంగి మంచిర్యాలలో ఇండ్లు మునుగుట మీలో పలువురు కన్నులార చూచినదే. నీటమునిగిన డిస్కును ఎండబెట్టి తగిలించి చూడవలెనని తోచుట సహజము. కాని అదియే హాని. చాల డిస్కులకు గాలి పోవుటకై సన్నని రంధ్రముండును. దానిగుండ నీరు లోనికి పోవును. ఎండిన కొలది బురద పళ్లెమునకు గట్టిగా పట్టును. అందుచేత తడిగనే ప్లాస్టికు సంచిలో మూసి, విద్యుత్తు తగిలింపక, నిపుణులకు పంపవలెను.

ఇప్పటి కంప్యూటర్లలో పళ్లెములు లేని యస్.యస్.డి. లను నిలువలు వచ్చినవి. అవి క్రిందపడినను అంతగా చెడవు, వేగము హెచ్చు. కాని చెరిపిన వ్రాతను అవి ట్రిమ్ అను పద్ధతిచే తామే త్వరలో తుడిచివేసికొనును. పైన చెప్పిన వెదకులాట వానియందు చాలవరకు పనికిరాదు.

ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలమున గుంజాల యను గోండుల గ్రామము కలదు. అచటి పెద్దలు తమ లిపిలో చేతివ్రాత ప్రతులను దాచి యుంచిరి. జయధీర్ తిరుమలరావుగారు మొదలగువారి కృషిచే అవి లోకమునకు తెలిసినవి. ఆ గుంజాల గోండి లిపి 2018లో యూనికోడులో చేరినది. ఇపు డా యక్షరములను ఎచటి కంప్యూటరులో నైనను వ్రాయవచ్చును, ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. వ్రాతప్రతులు ఒక్క గ్రామములో ఒక్క పెట్టెలో నున్నంతకాలము ఒక్క చెదపురుగుల పుట్ట చాలును గదా! మా పాటలును అట్లే ఒక్క డిస్కులో నుండెను. ఇప్పు డొక ప్రతి నాయొద్దను, ఒకటి మంచిర్యాలలో అక్కగారి యింటను, మరియొకటి అంతర్జాలపు నిలువలోను గలదు.

పదునొకండు పాటలలో తొమ్మిది సంపూర్ణముగా వచ్చినవి. పదియవదానిలో నడుమ ఇరువది సెకనుల మేర నిశ్శబ్దము. ఆ తరువాత అమ్మ గొంతు, చరణము నడుమనుండి, మరల నందుకొనును. అక్కగారికి ఆ చరణము వచ్చును గనుక అచట ఆమె పాడును. పదునొకండవది తెరువబడుట లేదు. ఫోనులో పట్టిన ధ్వనిఫైలునకు దాని విషయసూచిక సాధారణముగా చివరన వ్రాయబడును. ఆ చివరి భాగమే చదువరాని గదులలో పడినది. అనగా పాట లోపల నున్నది, ఎచట మొదలై ఎట్లు సాగునో చెప్పు సూచిక లేదు. అదే ఫోనులో అదే రీతిని పట్టిన తక్కిన ఫైళ్లను మాదిరిగా పెట్టుకొని ఆ సూచికను మరల కట్టవచ్చునేమో ప్రయత్నింపదగును. నన్ను ఆనాడు ఆపిన విద్యార్థి యిపుడు కళాశాలలో చదువుచున్నాడు. సెలవులలో వచ్చి కూర్చుందునని చెప్పినాడు. పాత డిస్కును పారవేయక, పేరు వ్రాసి బీరువాలో నుంచితిని.